జిబ్లీ ఫొటోలో లేని దర్శకుడు

2025లో ఉగాది మార్చి 30న పడింది. సరిగ్గా అయిదు రోజుల ముందు చాట్‌జీపీటీలో ఫొటో పెడితే బొమ్మ చేసిచ్చే కొత్త సదుపాయం వచ్చింది. ఇంకేముంది, ఆ పండక్కి మన వాట్సాప్ గ్రూపులన్నీ బొమ్మల కొలువులైపోయాయి. పట్టు పరికిణీలు, జరీ పంచెలు, పచ్చడి గిన్నె, వెనకాల గరాజ్ తలుపు. అందరికీ పెద్ద పెద్ద కళ్లు, ఎర్రటి బుగ్గలు, మీద లేత ఎండ. కింద ఒకటే మాట: "జిబ్లీ స్టైల్". ముచ్చటగానే ఉన్నాయి, కాదనను. మా బంధువుల్లో ఒక పెద్దాయనకి ఆ యంత్రం మీసం తీసేసి ఇరవయ్యేళ్లు తగ్గించింది. ఆయన ఇప్పటికీ అదే డీపీగా ఉంచుకున్నాడు.

నా పేచీ ఫొటోలతో కాదు, ఆ కింద మాటతోనే. జిబ్లీ స్టైల్ అంటే ఎవరి స్టైల్? జిబ్లీ అంటే జపాన్‌లో బొమ్మల సినిమాలు తీసే స్టూడియో. దాన్ని నిలబెట్టిన దర్శకులు ఇద్దరు. హయావో మియజాకి పేరు లోకమంతా తెలుసు. రెండో ఆయన ఇసావో తకహాతా. ఈయన తీసిన చివరి సినిమాలోంచి ఒక ఫ్రేము తెచ్చి ఆ ఉగాది ఫొటోల మధ్యన పెడితే, అదీ జిబ్లీదేనని చెప్పినా ఎవరూ నమ్మరు. గరుకు పెన్సిలు గీతలు, పలచటి నీళ్లరంగులు, చుట్టూ ఏమీ వేయకుండా వదిలేసిన కాగితం. బొమ్మలు ఎలా ఉన్నాయన్నదాన్నే మనం స్టైల్ అనుకుంటున్నాం. దర్శకుడి తీరు అక్కడ ఉండదు. ఎక్కడ ఆగాడు, ఎంతసేపు ఆగాడు, దేన్ని వదిలేశాడు అన్న చోట ఉంటుంది. నా లెక్కలో మియజాకి గొప్ప చిత్రకారుడు, తకహాతా అంతకంటే గొప్ప దర్శకుడు. ఈ మాట మా ఇంట్లోనే ఒప్పుకోరు కాబట్టి మీరు ఒప్పుకోకపోయినా నాకేం ఇబ్బంది లేదు.

1985లో మొదలైన జిబ్లీ, 1988 ఏప్రిల్ 16న రెండు సినిమాల్ని జంటగా విడుదల చేసింది. ఒకటి మియజాకి తీసిన 'మై నైబర్ టొటొరో'. అమ్మ ఆసుపత్రిలో ఉంటే నాన్నతో పల్లెకి మారిన అక్కాచెల్లెళ్లు, అడవిలో బొజ్జేసుకుని పడుకున్న ఒక జీవి, పిల్లిలాంటి బస్సు. రెండోది తకహాతా తీసిన 'గ్రేవ్ ఆఫ్ ద ఫైర్‌ఫ్లైస్'. రెండో ప్రపంచయుద్ధంలో కోబె నగరం మీద బాంబులు పడి అమ్మ పోయిన అన్నాచెల్లెళ్లు, ఆకలి, చావు. పిల్లల్ని వెంటబెట్టుకుని టొటొరో కోసం వెళ్లిన జపాను తల్లిదండ్రులు ఆ రెండోదాన్ని ఎలా తట్టుకున్నారో, ఆ రాత్రి ఇంటికెళ్లి అన్నం ఎలా తిన్నారో! ఆ రెండూ ఒకేసారి తయారవుతున్నప్పుడు యోషిఫుమి కొండో అనే యానిమేటర్ నాకు కావాలంటే నాకు కావాలని ఇద్దరు దర్శకులూ పట్టుబట్టారు. చివరికి కొండో తకహాతా సినిమాకి వెళ్లాడు. అటు వెళ్లి ఉంటే ఆ చేత్తోనే టొటొరో ఊరి పిల్లల్ని గీసేవాడు. ఇటు వచ్చాడు కాబట్టి ఆకలితో చిక్కిపోతున్న పాపని గీశాడు.

మియజాకి పని చేసే పద్ధతి విచిత్రంగా ఉంటుంది. ఆయన దగ్గర పూర్తి స్క్రిప్టు ఉండదు. షాటు తర్వాత షాటు పెన్సిలుతో స్టోరీబోర్డు గీసుకుంటూ పోతాడు, కథ ఆ గీతల్లోంచే పుడుతుంది. మన బాపు గారు కూడా షాట్లన్నీ ముందే బొమ్మలుగా వేసుకునేవారు, కానీ ఆయన పక్కన రమణ గారి రాత ఉండేది. మియజాకికి ఆ రాత కూడా బొమ్మే. ముగింపు ఎలా ఉంటుందో తనకే తెలియకుండా స్టూడియోలో పని మొదలైపోతుంది. సినిమా సగం గీసేశాక కూడా కింది వాళ్లకి చివర ఏమవుతుందో తెలియదు. ఏ నిర్మాతకైనా ఇది చాలు, టెన్షన్‌తో నిద్ర పట్టకపోవడానికి.

ఇలా పనిచేసేవాడి బలమంతా కదలికలో ఉంటుంది. 'స్పిరిటెడ్ అవే'లో గాయపడిన డ్రాగన్‌కి చిహిరో అనే పిల్ల మందు మింగించే చోటు గుర్తుందా? నోరు బలవంతంగా తెరిచి, చెయ్యి లోపలికి పెట్టి, మళ్లీ దవడ మూసి గట్టిగా పట్టుకుంటుంది. కుక్కకి మందు వేస్తున్నట్టు గీయమని మియజాకి చెప్పాడు. ఎదురుగా ఉన్న కుర్ర యానిమేటర్లకి కుక్కని పెంచిన అనుభవం లేదు. ఆయన నిట్టూర్చాడు. చివరికి వాళ్లు పశువుల ఆసుపత్రికి వెళ్లి, కుక్క దవడ ఎలా తెరుస్తారో వీడియో తీసుకుని వచ్చారు. డ్రాగన్‌ని ఎవరూ చూడలేదు కదా, ఎలా గీస్తే ఏం అనుకోలేదు. చూడనిదాన్ని నమ్మించాలంటే చూసినదాని బరువు అందులో పెట్టాలి. 'ద విండ్ రైజెస్'లో నాలుగు సెకన్ల గుంపు సన్నివేశానికి ఎయిజి యమమోరి అనే యానిమేటర్‌కి ఏడాది మీద మూడు నెలలు పట్టింది. ఆ గుంపులో ఒక్కొక్కరూ ఒక్కో పని మీద ఉంటారు.

ఆ ఉగాది రోజుల్లోనే మియజాకి వీడియో ముక్క ఒకటి కూడా తెగ తిరిగింది, "ఇది జీవితానికే అవమానం" అంటాడే, అది. ఏఐ బొమ్మల్ని ఆయన అప్పుడే తిట్టేశాడని అందరూ ఫార్వర్డ్ చేశారు. ఆ మాట 2016లో జపాన్ టీవీ సంస్థ ఎన్‌హెచ్‌కే డాక్యుమెంటరీలోది. కొందరు కుర్రాళ్లు కంప్యూటర్ తనంతట తాను నేర్చుకున్న కదలిక అంటూ తల నేలకి ఈడ్చుకుంటూ పాకే ఒక వికృతాకారాన్ని చూపించారు. చెయ్యి ఎత్తడానికి కూడా కష్టపడే తన స్నేహితుడొకడు మియజాకికి గుర్తొచ్చాడు. ఆ నొప్పి తెలియకుండా చేసిన పని అని మండిపడ్డాడు. అంటే కోపం బొమ్మని కాపీ కొట్టినందుకు కాదు, కదిలే ఒంటికి ఉండే బాధ పట్టనందుకు. కదలిక అంటే ఆయనకి అంత పట్టింపు.

అయితే గీసుకుంటూ పోయేవాడి బలహీనత కూడా అక్కడే ఉంది. 'హౌల్స్ మూవింగ్ కాసిల్'లో ఊళ్లు తగలబెట్టిన యుద్ధం చివర్లో ఒకావిడ ఇక చాలు ఆపేద్దామనగానే ఆగిపోతుంది. రెండు గంటల సినిమాకి అది ముగింపా! బొమ్మల్లో మునిగి కొట్టుకుపోతాం కాబట్టి మనకి అనిపించదు. మియజాకి పాత్రలు ఎప్పుడూ ఏదో ఒకటి చేస్తూ ఉంటాయి: ఎగురుతాయి, పరిగెడతాయి, నేల తుడుస్తాయి, ఆవురావురుమంటూ తింటాయి. ఆయన ఆగిన చోట్లు తక్కువ, ఆగితే మాత్రం అద్భుతం. 'స్పిరిటెడ్ అవే'లో చిహిరో, ఆ ముసుగు మొహం నో-ఫేసూ నీళ్ల మీద పోయే రైలెక్కి కూర్చుంటారే, ఆ కాసేపూ కథ అంగుళం కదలదు. స్టేషన్లు వస్తాయి, నీడల్లాంటి మనుషులు దిగిపోతారు, కిటికీ బయట చీకటి పడుతుంది. మనవాళ్లైతే అక్కడ ఒక పాట పెట్టేవాళ్లు. ఆ సినిమాకి 2002లో బెర్లిన్ సినిమా పండగలో గోల్డెన్ బేర్ బహుమతి, 2003లో ఆస్కార్ వచ్చాయి. నన్నడిగితే సగం ఆ రైలుకే ఇచ్చి ఉంటారు.

ఇప్పుడు తకహాతా. ఈయనకి బొమ్మలు వేయడం రాదు. యానిమేషన్ దర్శకుడికి ఇది పెద్ద లోటు అనుకుంటాం. టోక్యో యూనివర్సిటీలో ఫ్రెంచి సాహిత్యం చదివి 1959లో తోయెయ్ వారి యానిమేషన్ స్టూడియోలో చేరాడు. మియజాకి అక్కడికి 1963లో వచ్చాడు, వయసులో అయిదేళ్లు చిన్న. తకహాతా మొదటి సినిమా 1968లో వచ్చింది, దానికి మియజాకి పనిచేశాడు. 1974 నాటి టీవీ సీరియల్ 'హైడి' కోసం స్విట్జర్లాండ్ దాకా వెళ్లి ఇళ్లూ కొండలూ చూసి వచ్చారు. పిల్లల కార్టూనుకి అంత అవసరమా అని ఆ రోజుల్లో ఎవరైనా అడిగి ఉంటారు. ఇటు మియజాకి జిబ్లీలో మూడు నాలుగేళ్లకొక సినిమా ఇస్తుంటే, అటు తకహాతా గడువులన్నీ దాటేసేవాడు. 'గ్రేవ్ ఆఫ్ ద ఫైర్‌ఫ్లైస్' థియేటర్‌కి వెళ్లేనాటికి కొన్ని షాట్లకి రంగులు పూర్తికాలేదు, అలాగే వేశారు.

బొమ్మ రాకపోవడం వల్ల ఆయనకి ఒక లాభం కలిగింది. తనకంటూ ఒక గీత లేదు కాబట్టి సినిమాకొక గీత వెతుక్కున్నాడు. మియజాకి సినిమాలు ఏ రెండు తీసుకున్నా మొహాలు చుట్టాల్లా ఉంటాయి. తకహాతా సినిమాలు ఒకదానికొకటి పరాయివాళ్లు. 'గ్రేవ్'లో బొమ్మల అంచులు మామూలు నలుపుకి బదులు గోధుమ రంగులో గీయించాడు, మనుషులు మెత్తబడి చుట్టూ ఉన్న దుమ్ములో కలిసిపోతారు. 1999లో తీసిన 'మై నైబర్స్ ద యమడాస్' పత్రికల్లో వచ్చే నాలుగు గడుల కార్టూన్‌లా ఉంటుంది, చూడటానికి ఎవరో తీరిగ్గా కుంచెతో అద్దినట్టు. నిజానికి జిబ్లీలో మొత్తం కంప్యూటర్ మీద తయారైన తొలి సినిమా అదే.

'గ్రేవ్' గురించి మనవాళ్లందరూ ఒకటే మాట చెప్తారు, ఏడుపు ఆపుకోలేకపోయామని. నిజమే. కానీ ఆ ఏడుపులో దర్శకుడు చేసిన పని ఒకటి కొట్టుకుపోతోంది. సినిమా మొదటి మాటే ఆ కుర్రాడు సెయితా తాను చచ్చిపోయిన తేదీ చెప్పడం. స్టేషన్లో స్తంభానికి ఆనుకుని, పక్కన దులుపుకుని పోయే జనం మధ్య ప్రాణం పోతుంది. ఆపైన ఎర్రటి వెలుగులో అతని ఆత్మ, చెల్లెలి ఆత్మ తమ కథ తామే చూస్తుంటాయి. ఇంక బతుకుతారేమోనన్న ఆశ మనకి మిగల్చలేదు. ఆశ లేదు కాబట్టి అతను చేసే ప్రతి పనినీ తేటగా చూడాల్సి వస్తుంది. పిన్ని మాట పడలేక చెల్లెల్ని తీసుకుని చెరువు పక్క గుహలోకి వెళ్లిపోతాడు. అమ్మ దాచిన డబ్బు బ్యాంకులో ఉంటుంది. లొంగిపోయి ఆ ఇంట్లోనే పడి ఉంటే పాప బతికేదేమో. ఇది యుద్ధ వ్యతిరేక సినిమా కాదని తకహాతా చెబుతూనే ఉన్నాడు, ఎవరూ వినలేదు. ఆయన తొమ్మిదేళ్ల వయసులో ఒకయామా మీద జరిగిన బాంబుదాడిలోంచి బయటపడ్డవాడు. ఆ కుర్రాడి మీద ప్రేమతోనే, అతని పొగరు ఏం చేసిందో కూడా చూపించాడు. చాక్లెట్ల డబ్బా ఖాళీ అయ్యాక అందులో నీళ్లు పోసి, గిలకొట్టి, అన్ని రుచులూ కలిసిన ఆ నీళ్లు చెల్లెలికి తాగిస్తాడు. ఆ పిల్ల ఒక్కో గుక్కకీ ఒక్కో పండు పేరు చెబుతుంది. ఆ షాటుని తకహాతా త్వరగా వదలడు. వదిలితే మనం బతికిపోయేవాళ్లం.

నాకు అన్నిటికంటే ఇష్టమైంది 1991 నాటి 'ఓన్లీ యెస్టర్‌డే'. కథ అంటూ చెప్పడానికి పెద్దగా లేదు. తాఎకో అనే ఇరవయ్యేడేళ్ల ఆఫీసు ఉద్యోగిని టోక్యో నుంచి సెలవు పెట్టి యమగాటా పల్లెకి కుసుమపూలు కోయడానికి వెళ్తుంది. దారంతా అయిదో తరగతి చదివిన 1966 నాటి సంగతులు తోసుకుంటూ వస్తాయి. అందులో ఒక అనాసపండు ఎపిసోడ్ ఉంది. నాన్న ఖరీదైన అనాసపండు తెస్తాడు. ఇంట్లో ఒక్కరికీ దాన్ని ఎలా కోయాలో తెలియదు. అలా అలంకారంగా పెట్టుకుంటారు, వాసన చూస్తారు. ఎట్టకేలకి అక్క ఎక్కడో తెలుసుకుని వస్తే అమ్మ కోస్తుంది, అందరికీ పళ్లేలు సర్దుతారు. నోట్లో పెట్టుకుంటే గట్టిగా ఉంది, తీపి లేదు. ఒకరి తర్వాత ఒకరు పళ్లెం పక్కకి జరుపుతారు. తాఎకో ఒక్కతే మొండిగా నములుతూ ఉంటుంది. అమెరికా వచ్చిన కొత్తలో అవకాడో కొని, పచ్చిగా ఉండగానే కోసి, మామిడి ముక్కలా ఉప్పూకారం అద్దుకుని, ఒకరి మొహం ఒకరు చూసుకున్న ఇళ్లు మనలో తక్కువా? నాలుగైదు నిమిషాలు ఒక పండు చుట్టూ కూర్చోబెట్టగల ధైర్యం మియజాకికి లేదు. ఆయనైతే ఆ పండులోంచి ఏదో ఒకటి ఎగిరిపోయేది.

ఆ సినిమాలోనే రెండు రకాల బొమ్మలున్నాయి. చిన్నప్పటి భాగంలో రంగులు వెలిసిపోయి, ఫ్రేము అంచుల దగ్గర తెల్లగా వదిలేసి ఉంటాయి, గుర్తున్నంత మేరకే గీసినట్టు. పెద్దయ్యాక భాగంలో గొంతులు ముందే రికార్డు చేసి, ఆ మాటలకి బుగ్గల కండరాలు ఎలా కదులుతాయో చూసి గీశారు. నవ్వినప్పుడు తాఎకో బుగ్గల మీద గీతలు పడతాయి. యానిమేషన్లో అందమైన ఆడపిల్ల మొహం మీద ముడత గీయడమంటే సాహసం. చాలామందికి ఆ మొహం నచ్చదు కూడా. నాకు మాత్రం అక్కడే ఒక మనిషి కనిపిస్తుంది.

ఈ సినిమాని అమెరికాలో జిబ్లీ హక్కులు తీసుకున్న డిస్నీ థియేటర్లకి తేలేదు. ఇంగ్లీషు డబ్బింగ్‌తో జీకిడ్స్ అనే పంపిణీ సంస్థ విడుదల చేసేసరికి 2016 వచ్చింది, అంటే పాతికేళ్లు. స్కూల్లో ఆడపిల్లలు నెలసరి గురించి తెలుసుకునే సన్నివేశాలు ఉండటమే అడ్డమైందని చెప్పుకుంటారు. హాలు బుక్ చేసి, డ్రోన్ పెట్టి ఓణీల ఫంక్షన్ చేసే మనం మాత్రం ఈ సన్నివేశాలకి ఉలిక్కిపడక్కర్లేదు. పడతాం, అది వేరే సంగతి.

ఆఖరి సినిమా 'ద టేల్ ఆఫ్ ద ప్రిన్సెస్ కగుయా' 2013లో వచ్చింది. ఎనిమిదేళ్లు పట్టింది. సుమారు 500 కోట్ల యెన్‌లు ఖర్చయితే అందులో సగమే థియేటర్లలో తిరిగి వచ్చిందంటారు. వెదురు బొంగులో దొరికిన పిల్లని రాజధానికి తీసుకొచ్చి రాకుమారిని చేస్తారు. పేరు పెట్టే విందులో తాగిన అతిథులు ఆమె గురించి చులకనగా మాట్లాడటం తెర వెనక నుంచి వింటుంది. చేతిలో గవ్వ పగిలిపోతుంది. లేచి పరుగు అందుకుంటుంది. తలుపులు, వరండాలు, వీధులు. ఒంటి మీద పొరలు పొరలుగా కట్టిన పట్టుబట్టలు ఒక్కొక్కటే ఊడి వెనక పడిపోతుంటాయి. అప్పటిదాకా నాజూగ్గా ఉన్న గీత బొగ్గుతో గీకినట్టయిపోతుంది. మొహం మొహంలా ఉండదు, చెట్లు చెట్లలా ఉండవు, కోపమొక్కటే మిగులుతుంది. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఈ సినిమాకి కళాదర్శకుడు కజువో ఓగా. పాతికేళ్ల కింద టొటొరోలో ఆకు ఆకునీ ముద్దుగా దిద్దిన ఆ దట్టమైన అడవి వేసింది కూడా ఈయనే. అక్కడ కాగితమంతా నింపినవాడి చేత ఇక్కడ కాగితం వదిలేయించాడు తకహాతా. జిబ్లీ స్టైల్ అని అడిగితే ఆ యంత్రం ఏ ఓగాని ఇస్తుంది? నిండుగా ఉన్నదాన్నే ఇస్తుంది, ఎందుకంటే మనం అడిగేది అదే.

తకహాతా 2018 ఏప్రిల్‌లో 82 ఏళ్ల వయసులో పోయాడు. వీడ్కోలు సభలో మియజాకి కళ్లు తుడుచుకుంటూ, 1963లో బస్టాపులో తొలిసారి పలకరించుకున్న సంగతి తలుచుకున్నాడు. అయిదేళ్ల తర్వాత వచ్చిన 'ద బాయ్ అండ్ ద హెరాన్'లో లోకాన్ని రాళ్లు పేర్చి నిలబెడుతూ, తన తర్వాత నువ్వు నిలబెట్టమని పిల్లాణ్ణి అడిగే పెద్దతాతకి తకహాతాయే మూలమని నిర్మాత తోషియో సుజుకి చెప్పాడు. పిల్లాడు ఒప్పుకోడు. 83 ఏళ్ల వయసులో మియజాకికి రెండో ఆస్కార్ తెచ్చిన సినిమా, పెద్దాయనతో తేలని లెక్కల సినిమా.

జిబ్లీ గేటు దాటి బయటికొస్తే ఈ ఆగడం, ఆగకపోవడం అన్న కొలత ఇంకా బాగా పనికొస్తుంది. సతోషి కోన్ అసలు ఆగడు. నాలుగే సినిమాలు తీసి 2010లో, 46 ఏళ్లకి క్యాన్సర్‌తో పోయాడు. నాలుగూ కలిపినా ఆరు గంటలు నిండవు. 'మిలీనియం యాక్ట్రెస్'లో ముసలి నటి తన కథ చెబుతుంటే, ఇంటర్వ్యూ చేయడానికి వచ్చినాయనా కెమెరామ్యానూ ఆమె నటించిన సినిమాల్లోకి, ఆమె జ్ఞాపకాల్లోకి కెమెరాతో సహా దూరిపోతారు. ఆమె ఎవరి కోసమో పరిగెడుతుంటుంది. ఒక షాటులో గుర్రం మీద, తర్వాత రిక్షాలో, ఆ తర్వాత సైకిలు మీద. యుగాలు మారిపోతాయి, పరుగు మాత్రం తెగదు. అది సినిమాయా, జీవితమా అని మనం తేల్చుకునేలోపు ఇంకో చోట ఉంటాం. మామూలు సినిమాలో ఇలా కోస్తే సెట్టింగులూ వెలుగూ తేడా తెలిసిపోతాయి. అన్నీ గీసినవే కాబట్టి ఇక్కడ అతుకు కనబడదు. తకహాతా మనకి ఆలోచించుకునే టైమిస్తాడు, కోన్ ఇవ్వడు, రెండూ కావాలని చేసినవే. ఒక హెచ్చరిక: కార్టూనే కదా అని ఈయన తీసిన 'పర్‌ఫెక్ట్ బ్లూ' పిల్లలకి పెట్టి వంటింట్లోకి వెళ్లకండి.

మమోరు ఒషీయి 1995 నాటి 'ఘోస్ట్ ఇన్ ద షెల్' గురించి సైబోర్గులు (సగం మనిషి, సగం యంత్రం), తుపాకులు అని చెబుతారు గానీ, నాకు గుర్తుండేది నడుమన మూడు నిమిషాల పాటు హాంకాంగ్‌లాంటి ఊళ్లో కాలవలు, వాన, షోకేసుల్లో బొమ్మలు తప్ప ఏమీ జరగని చోటు. యాక్షన్ సినిమాలో ఆ మూడు నిమిషాలు అడిగి తీసుకున్నవాడు మామూలువాడు కాదు.

మన పిల్లలకి ఇష్టుడు మకోటో షిన్కాయ్. 2002లో పాతిక నిమిషాల సినిమాని ఇంట్లో తన మ్యాక్ మీద దాదాపు ఒంటరిగా చేసుకున్న మనిషి. 'వెదరింగ్ విత్ యూ' కోసం ఇండియాలో అభిమానులు ఆన్‌లైన్ పిటిషన్ పెడితే 2019 అక్టోబర్‌లో అక్కడి థియేటర్లలో వేశారు. ఆయన వాన, రైలు కిటికీ మీద పడే ఎండ, సాయంకాలపు ఆకాశం చూస్తే ఎవరికైనా నోట మాట రాదు. నా ఫిర్యాదూ అదే. పాత్రకి బాధ కలిగితే ఆకాశం పడుతుంది ఆ బాధ. మేఘాలు విచ్చుకుంటాయి, పాట మొదలవుతుంది, మనుషులు ఆ దృశ్యం ముందు నిలబడి ఫొటో దిగుతున్నట్టుంటారు. 'యువర్ నేమ్'లో కాలం మీద ఆడిన ఆట తెలివైనదే, దాని సంగతి వేరు. కానీ ఆయన తీసినవాటిలో నాకు బాగా నచ్చిన షాటులో ఆకాశమే లేదు. 'సుజుమే'లో ఆ అమ్మాయి చిన్నప్పటి బొమ్మల డైరీ తిరగేస్తుంది. 2011 మార్చి 11 నాటి పేజీ అంతా నల్ల క్రేయాన్‌తో రుద్దేసి ఉంటుంది. సునామీలో అమ్మని పోగొట్టుకున్న నాలుగేళ్ల పిల్ల గీసిన బొమ్మ అది. అంత అందగాడు కుంచె దించేసి క్రేయాన్ పట్టుకున్నాడు చూశారా, అప్పుడు దర్శకుడయ్యాడు.

మమోరు హొసోడాని ఒకప్పుడు జిబ్లీ 'హౌల్స్ మూవింగ్ కాసిల్' తీయమని పిలిచింది, కుదరక మధ్యలో బయటికి వచ్చాడు. ఆయన మొత్తం పనిలో నేను ఒక్క చోటునే ఎత్తి చూపిస్తాను. 'వుల్ఫ్ చిల్డ్రన్'లో తోడేలు తండ్రికి పుట్టిన అక్కాతమ్ముళ్లు స్కూల్లో చేరతారు. కెమెరా తరగతి గదుల పక్కన అడ్డంగా జరుగుతుంది. ఒక గదిలో అక్క, గోడ దాటితే ఇంకో గదిలో తమ్ముడు, మళ్లీ ఇటు వస్తే ఏడాది గడిచిపోయింది. అక్కకి స్నేహితులు పెరుగుతుంటే, తమ్ముడు ఒంటరి అయిపోతుంటాడు. ఒక్క మాట లేకుండా ఏళ్లన్నీ అయిపోతాయి. పిల్లలున్న వాళ్లకి ఆ నిమిషం చాలు. మిగతా సినిమాల్లో ఆయనకి కథ మరీ పెరిగిపోయి చేజారుతుందని నా ఉద్దేశం.

తకహాతాకి వారసులెవరు అంటే నేను చెప్పే పేరు జిబ్లీలో లేదు. నావోకో యమడా. 1984లో పుట్టింది, క్యోటో యానిమేషన్ అనే స్టూడియోలో పెరిగింది. 2016లో 'ఎ సైలెంట్ వాయిస్'తో అందరికీ తెలిసింది. నేను చూడమనేది 2018లో వచ్చిన 'లిజ్ అండ్ ద బ్లూ బర్డ్'. ఇద్దరమ్మాయిలు, స్కూల్ బ్యాండు, ఒకరు ఓబో అనే ఊదే వాద్యం, ఒకరు ఫ్లూట్. వాళ్ల కథ దాదాపు అంతా స్కూల్లోనే జరుగుతుంది. మొదట్లో ఒకమ్మాయి మెట్ల మీద కూర్చుని ఎదురుచూస్తుంటుంది. అడుగుల చప్పుడు వినబడుతుంది, తలెత్తుతుంది, కాదు, ఇంకెవరో. మళ్లీ దించుకుంటుంది. తను ఎదురుచూస్తున్న అమ్మాయి అడుగులు వినబడగానే మనకి కూడా తెలిసిపోతుంది, మొహం చూడకుండానే. ఆ తర్వాత ఇద్దరూ మ్యూజిక్ రూం దాకా నడుస్తారు. ఒకరి నడక గంతులేస్తూ, ఇంకొకరి నడక రెండడుగులు వెనకగా. వాళ్ల మధ్య ఉన్నదేమిటో సినిమా అంతా చూశాక తెలిసేది, ఆ నడకలోనే ఉంది. యమడా మొహాల కంటే కాళ్లు ఎక్కువ చూపిస్తుందని వెక్కిరించేవాళ్లున్నారు. మనిషి మొహంతో అబద్ధం ఆడినంత తేలిగ్గా కాళ్లతో ఆడలేడు, మరి చూపించదూ? రాక్షసులు లేరు, ఆకాశం పగలదు. బుగ్గ మీద ముడత గీయించిన పెద్దాయనకి ఈమె సినిమా నచ్చేదని నా నమ్మకం.

మన తెలుగు సంఘం వేసవిలో పిల్లలకి వేసే సినిమా ఎప్పుడూ టొటొరోయే. మంచి సినిమానే, వేయండి. కానీ ఆ సాయంత్రమే రెండో ఆటగా 'ఓన్లీ యెస్టర్‌డే' వేయమని కమిటీకి నా విన్నపం. అది పిల్లల కోసం కూడా కాదు, ఇండియా నుంచి ఆర్నెల్లకి వచ్చి టీవీ ముందు కూర్చునే అమ్మానాన్నల కోసం. తెల్లారకుండా చేలోకి వెళ్లి పూలు కోయడం, వేళ్లు గీరుకుపోవడం, పట్నం నుంచి వచ్చిన పిల్లని ఊరివాళ్లు ఇక్కడే ఉండిపోరాదా అని ఇబ్బంది పెట్టడం, వాళ్లకి మనం విడమర్చి చెప్పాల్సిన పని లేదు. చిక్కల్లా ఇంగ్లీషు సబ్‌టైటిల్స్‌తోనే. 2025 సెప్టెంబర్‌లో 'డీమన్ స్లేయర్' సినిమా తెలుగు డబ్బింగ్‌తో హైదరాబాద్ థియేటర్లలో ఆడింది కాబట్టి, జపాన్ బొమ్మల చేత తెలుగు మాట్లాడించడం కుదరని పనేం కాదని తేలిపోయింది. హక్కుల గొడవ లేకుండా మనం చేయగలిగింది ఒకటుంది: ఎవరో ఒకరు మైకు పట్టుకుని పక్కన కూర్చుని మాటలు తెలుగులో చెప్పడం. తాఎకో మాట్లాడేది టోక్యో భాష, రైతులది పక్కా యమగాటా యాస. ఆ రైతులకి శ్రీకాకుళం యాస పెట్టాలా, పాలమూరు యాస పెట్టాలా అని కమిటీలో గొడవ ఖాయం. నా ఓటు శ్రీకాకుళానికి.